గొడ్డలియు, ఱంపమును, యువజనులును

(యువజన శిబిర నాయకుల సమావేశమున చేసిన ఉపన్యాసము)



మీరు నన్ను మాటాడుమని కోరిన విషయము చూచుటకు చిన్నది. గొడ్డలిని, ఱంపమును బాలుర చేతికి ఎట్లు ఇయ్యవలయును, ఇచ్చుటకు ముందు వారికి ఏమి నేర్పవలయును అనునదియే ప్రశ్న. సభలలో సాధారణముగా వినవచ్చు మహావిషయముల ప్రక్క ఇది వడ్రంగి కొట్టపు మాటవలె తోచవచ్చును. కాని యొక బాలుని పాదము తెగినప్పుడు ఆ యింటివారికి అంతకంటె పెద్ద విషయము లేదు. తెగునేమో యను భయముతో వేలకొలది బాలురను పనిముట్లకు దూరముగా నుంచినచో దేశమునకును అది చిన్న విషయము కాజాలదు.

ఈ విషయమున నేడు రెండు పక్షములు వినవచ్చుచున్నవి. మొదటి పక్షమువారు తల్లిదండ్రులును, పాఠశాలల పెద్దలును. “వంటకు గ్యాసుపొయ్యి యున్నది; కలప కోయుటకు యంత్రపు ఱంపములున్నవి; ఇక శిబిరమున పిల్లవానిచేత గొడ్డలి పట్టించి అపాయమును కొని తెచ్చుకొనుట యెందుకు?” అని వీరి వాదము. రెండవ పక్షమువారు పల్లెటూళ్ల పెద్దలు. “మా తాతలు ఎనిమిదేండ్ల ప్రాయముననే కట్టెలు కొట్టిరి, వారికి ఏ శిబిరమున ఏ నియమములు నేర్పిరి?” అని వీరు నవ్వుదురు.

ఇరువురకును సమాధానము చెప్పవలసియున్నది. మొదటివారు అపాయమును తొలగించుట లేదు, వాయిదా వేయుచున్నారు. ఎన్నడును గొడ్డలి పట్టని యువకుడు ఎన్నడో యొకనాడు పట్టక తప్పదు. తుపానునకు చెట్టు విరిగి త్రోవకడ్డముగా పడినప్పుడు, ఇంటివాకిట కొమ్మ కూలినప్పుడు, ప్రక్కవాడు పిలిచినప్పుడు వాడు పరుగెత్తును. నేర్చుకొనుటకు తీరిక లేని ఆ గడియయందే వానికి మొదటి పాఠము ఆరంభమగును. అంతకంటె చెడ్డ పాఠశాల లేదు. ఇక రెండవవారు మఱచిన సంగతి యేమనగా, వారి తాతలకు నియమములు నేర్పబడకపోలేదు. కట్టెలు కొట్టువాని కొడుకు గొడ్డలి పట్టుటకు ముందు ఏండ్ల తరబడి తండ్రి ప్రక్కన నిలిచి చూచెను. ఎక్కడ నిలువవలయునో, ఎప్పుడు తొలగవలయునో కంటితోనే నేర్చెను. ఆ యదృష్టము పట్టణపు బాలునకు లేదు. కంటితో నేర్వనివానికి నోటితో చెప్పవలయును, చేతిని పట్టి చూపవలయును. అదియునుగాక, వ్రేళ్లు పోగొట్టుకొన్న తాతలను గూర్చి ఏ మనుమడును గొప్పగా చెప్పుకొనడు. కావున మనకు వినబడునవి క్షేమముగా బ్రతికినవారి కథలే.

యువజనోద్యమములందు ఈ పనిముట్లకు స్థానము నిన్న మొన్న వచ్చినది కాదు. 1907లో బేడెన్ పవెల్ ఇంగ్లండునందలి బ్రౌన్‌సీ ద్వీపమున బాలురతో శిబిరము నడపినది మొదలు, చేతిపనియు, ఆరుబయటి జీవనమును బాలభటోద్యమమునకు ప్రాణములైనవి. నాయకుల శిక్షణకై 1919లో గిల్వెల్ పార్కునందు తరగతు లారంభమైనవి. మొద్దులో గ్రుచ్చి నిలిపిన గొడ్డలి ఆ శిక్షణాలయమునకు చిహ్నమైనది. ఆ చిహ్నమునందే యొక పాఠమున్నది: పని లేనప్పుడు గొడ్డలి వాదర మొద్దులో దాగియుండవలయును.

మన దేశమున 1909లో ఈ యుద్యమము ప్రవేశించినప్పుడు తెల్లవారి పిల్లలకే గాని భారతీయ బాలురకు అందు చోటు లేకుండెను. ఆ తలుపు తెఱచువఱకు మనవారు వేచియుండలేదు. 1917 నాటికి మదరాసులో అనిబిసెంటు, అరండేలు భారతీయ బాలభట సంఘమును నిలిపిరి. ఆ దినములలోనే అలహాబాదున మదనమోహన మాలవీయ, హృదయనాథ కుంజ్రూ, శ్రీరామ వాజపేయి గార్లు సేవాసమితి పక్షమున బాలభటదళములను నడిపిరి. 1923లో మన కాకినాడ కాంగ్రెసు సందర్భమున హర్డీకరు గారి పూనికతో హిందూస్థానీ సేవాదళము వెలసినది. 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు చేతిపని ద్వారమున విద్య గఱపవలయునని విద్వాంసుల ముందు పెట్టెను. వేఱువేఱు బాలభట సంఘములు కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అను ఏకసంస్థ యైనది. వీరందఱి మతములు, మార్గములు వేఱు. కాని చేతులు ముడుచుకొని పెరిగిన బాలుడు స్వతంత్ర దేశమునకు సగము పౌరుడే యనుటలో వారందఱును ఏకీభవించిరి.

చదువుకొన్నవానికి చేతిపని తగదను భ్రమ మనలో ఇంకను చావలేదు. విజయదశమినాడు పనిముట్లకు పసుపు కుంకుమలు పెట్టి మ్రొక్కుదుము; మఱునాడు వానిని పట్టువానిని వాకిట నిలిపి మాటాడుదుము. ఏటి కొకసారి చేయు పూజకంటె దినమున కొకసారి తుడిచి నూనె రాచుట గొడ్డలికి గొప్ప పూజ. కావున శిబిరమునకు మీ యూరి వడ్రంగిని, కట్టెలు కొట్టువానిని పిలిపింపుడు. కూలికి గాక గురువుగా పిలిపింపుడు. వానికి ఆసన మిచ్చి, బాలురచేత నమస్కరింపజేయుడు. వాని చేతి పట్టును చూచి నేర్చినది ఏ పుస్తకమునను దొరకదు.

ఇక పనిముట్టును గూర్చి. గొడ్డలిని చేత పట్టగానే చూడవలసినవి మూడు: తల బిగువు, కామ దృఢత్వము, వాదర పదును. తల వదులైన గొడ్డలి విసరునప్పుడు ఊడి, ఎదుట నున్నవాని మీదికి పోవును. మన యిండ్లలో తల వదులైనచో రాత్రి నీళ్లతొట్టిలో వేసి యుంచుట వాడుక. కఱ్ఱ నీరు త్రాగి ఉబ్బును. తెల్లవారి చూచువానికి బిగిసినట్లే తోచును. కాని మధ్యాహ్నపు టెండకు ఆ కఱ్ఱయే యెండి, ఇనుము నొత్తిడికి నలిగిన కారణమున మునుపటికంటెను సన్నగిల్లును. అట్టి గొడ్డలి ఉదయము నమ్మించి మధ్యాహ్నము మోసగించును. సరియైన చీల కొట్టుట, లేదా క్రొత్త కామ వేయుట తప్ప దీనికి వేఱు మందు లేదు. తుమ్మ, చిరుమాను వంటి చేవగల కఱ్ఱను, నార నిడుపుగా సాగినదానిని కామకు ఎన్నుకొనవలయును. పగిలిన కామకు త్రాడు చుట్టి పని గడపరాదు. రంగు పూసిన కామను నమ్మరాదు. రంగు క్రింద పగులు దాగియుండును.

వాదర పదునుగా నుండవలయును. మొద్దుబాఱిన గొడ్డలి అపాయము లేనిదని తల్లులు తలంతురు. నిజము దీనికి విరుద్ధము. పదునైన వాదర కఱ్ఱలో దిగి అక్కడనే నిలుచును. మొద్దువాదర కఱ్ఱపై జారి, ప్రక్కనున్న కాలిని వెదకికొని పోవును. అదియుగాక మొద్దువాదర ఎక్కువ బలమును కోరును. బలము హెచ్చినకొలది గుఱి తప్పును. కావున ఆకురాయిని, సానరాయిని వాడుట నేర్పిన పిమ్మటనే గొడ్డలి వాడుట నేర్పవలయును. పదును పెట్టునప్పుడు చేతికి మందమైన తొడుగుండవలయును. పదును చూచుటకై వాదర వెంట వ్రేలిని నడుపరాదు.

పిమ్మట స్థలము. పనికొక బరి నేర్పఱచి చుట్టును త్రాడు కట్టుడు. అందు పనిచేయువాడొకడు, నేర్పువాడొకడు, మూడవవాడు ఉండరాదు. చూచువారు త్రాటి కవతల, పనిచేయువానికి పదియడుగులకు తక్కువ కాని యెడమున నిలువవలయును. పని యారంభించుటకు ముందు బాలుడు గొడ్డలి తలను పిడికిట పట్టుకొని, కామను ముందునకు చాచి, నెమ్మదిగా చుట్టును తిరుగవలయును. తరువాత తలపైని అట్లే త్రిప్పి చూడవలయును. కొమ్మగాని, బట్టలారవేయు తీగగాని, గుడారపు త్రాడుగాని తగిలినచో చోటు మార్చవలయును. గొడ్డలి గాలిలో నున్నప్పుడు సన్నని తీగె తగిలినను చాలును, దెబ్బ దారి తప్పుటకు.

వస్త్రధారణమును చెప్పవలయును. మన బాలురు చెప్పులతో, కొందఱు వట్టికాళ్లతో పనికి దిగుదురు. ఇది తగదు. వ్రేళ్లను పూర్తిగా కప్పు గట్టి జోడు లేనివాడు ఆనాటికి కఱ్ఱ మోయుపనియే చేయవలయును. జోడు కొనలేని బాలునకు శిబిరమే జోడు సమకూర్చవలయును. పేదఱికము కారణముగా ఎవనికిని విద్య తప్పరాదు, ఎవనికిని వ్రేలును తప్పరాదు. మెడలోని రుమాలు, భుజముపై తువాలు, వ్రేలాడు పంచెకొంగు, ఓణీ, జాఱిన చేతుల చొక్కా తీసి పెట్టవలయును లేదా బిగించి కట్టవలయును. జడలు ముడివేసికొనవలయును. బాలికలకు ఈ విద్య వేఱుగా లేదు. బాలురకు చెప్పినదే వారికిని.

దెబ్బ వేయు విధమును వినుడు. కఱ్ఱను వట్టి నేలపై పెట్టి కొట్టరాదు. వాదర నేలనుగాని, రాతినిగాని తాకి చెడును, లేదా ఎగిరి వచ్చును. క్రింద వెడల్పైన మొద్దుండవలయును. కొట్టవలసిన కఱ్ఱను ఆ మొద్దుపై తనకు ఆవలి యంచున పెట్టవలయును. దెబ్బ తప్పినను వాదర మొద్దులో దిగును. చిన్న చేతిగొడ్డలితో పనిచేయువాడు మోకాళ్లపై కూర్చుండుట మేలు. దెబ్బ తప్పినచో కాలికి బదులు మొద్దుకో నేలకో తగులును. నిలుచుండి పెద్ద గొడ్డలి పట్టువాడు కాళ్లను ఎడముగా పెట్టి, వాదర పోవు దారిలో ఏ కాలును లేకుండ చూచుకొనవలయును. చిన్న పుల్లలను చీల్చునప్పుడు ఒక చేత నిలిపి పట్టి, రెండవ చేత దానిపై కొట్టుట మన వంటయిండ్ల దురలవాటు. అట్లుగాక వాదరను కఱ్ఱపై ముందుగా ఆనించి, రెంటిని కలిపియే ఎత్తి, కలిపియే మొద్దుపైకి దింపవలయును. పడిన మ్రానికి కొమ్మలు కొట్టువాడు కొట్టవలసిన కొమ్మకు ఆవలి ప్రక్కన నిలిచి, బోదె తనకును వాదరకును నడుమ గోడవలె ఉండునట్లు చూచుకొని, మొదలి వైపునుండి చివరి వైపునకు కొట్టుచు పోవలయును.

గోటితో పోవుదానికి గొడ్డలి యేల యని మనవారు ఎఱిగియే చెప్పిరి. శిబిరమున కట్టె తుంచుటకు చాలవఱకు ఱంపమే చాలును. అది మెల్లగా పనిచేయును, చెప్పినచోటనే కోయును, ముక్కలను ఎగురవేయదు. కావున నేర్పు వరుసలో మొదట చిన్న కత్తి, తరువాత ఱంపము, అటు పిమ్మట చేతిగొడ్డలి, కట్టకడపట పెద్ద గొడ్డలి. కాని ఱంపమును సాధువని నమ్మరాదు. దాని పళ్లు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంగియుండును; అందుచేతనే కోత సందు రేకుకంటె వెడల్పగును. ఆ పళ్లు చేసిన గాయము కత్తిగాటువలె సన్నముగా నుండక చీలిపోవును, మానుటకు చాల దినములు పట్టును. ఆరంభమున ఱంపము గాడిలో కుదురక ఎగురును. ఎగిరినప్పుడు దానికి దొరకునది కఱ్ఱను పట్టిన ఎడమచేయి. కావున మొదటి రెండు మూడు లాగులు మెల్లగా, బలము పెట్టక, తనవైపునకే లాగవలయును. ఆ చేతిని కోతకు దూరముగా నుంచవలయును. ఇరువురు పట్టు ఱంపమున ఎవడును నెట్టరాదు. ఒకడు లాగును, రెండవవాడు వదలును. నెట్టినచో రేకు వంగి బిగిసికొనును. ఇరువురిలో ఎవడు హెచ్చు అను మాటకు ఇందు చోటు లేదు.

కఱ్ఱ బరువు ఎటు పడుచున్నదో చూచి కోయుట ఱంపపు విద్యలో ముఖ్యము. రెండు కొనలును ఆనియున్న దూలము నడుమ కోసినచో పైభాగము నొక్కుకొని, ఱంపమును పట్టివేయును. అప్పుడు పైనుండి మూడవవంతు కోసి, మిగిలినది క్రిందినుండి కోయవలయును. ఒక కొన ఆని, రెండవ కొన వ్రేలాడు కొమ్మకు దీనికి విరుద్ధముగా, ముందు క్రిందినుండి కొంత కోసి, పిమ్మట పైనుండి ముగింపవలయును. లేనిచో కొమ్మ తన బరువుతో చీలి, కోయువాని మీదికి విఱుగును. తెగి పడు ముక్క క్రింద పాదముండరాదు.

పనిముట్టు చేతులు మాఱునపుడు అపాయములు హెచ్చు. ఇచ్చువాడు తల పైకుండునట్లు నిలువుగా పట్టి అందింపవలయును. పుచ్చుకొనువాడు గట్టిగా పట్టి “అందినది” అని పలికిన తరువాతనే ఇచ్చువాడు విడువవలయును. విసరి యిచ్చుట నేరము. భుజముపై గొడ్డలి మోయుట చూచుటకు వీరముగా నుండును. జాఱిపడినవానికి అది మెడపై వాదర. తల దగ్గఱ పట్టి, చేతిని ప్రక్కకు వ్రేలాడవిడిచి, వాదరను కాలికి దూరముగా త్రిప్పి, తోలు తొడుగుతో మోయవలయును. పని ఆపిన వెంటనే గొడ్డలి మొద్దులోనో, తొడుగులోనో చేరవలయును. పచ్చని చెట్టుకు గ్రుచ్చరాదు, గడ్డిలో వదలరాదు, చీకటి పడకముందే లెక్కించి పెట్టెలో పెట్టవలయును. లెక్క తగ్గినచో భోజనము లేదు, వెదకుటయే.

నాయకులారా, ఇచ్చట మీ భారమును చెప్పవలయును. నియమము తెలియనందున కలుగు గాయములకంటె, తెలిసియు అలసటచే మఱచినందున కలుగు గాయములు తక్కువ కావు. కావున పదినిమిషముల కొకసారి మనుష్యుని మార్పుడు. వానలో, తడికామతో, ప్రొద్దు గ్రుంకిన తరువాత పని వలదు. ఎవడు ముందుగా కొట్టునో చూతమను పందెములు వలదు. ప్రాయమునుబట్టి గాక నిలకడనుబట్టి పనిముట్టు నిండు. పదునాఱేండ్ల చపలునికంటె పండ్రెండేండ్ల నిదానపరుడు మేలు. “ఆపు” అని ఎవ్వరన్నను, అన్నవాడు శిబిరమున అందఱికంటె చిన్నవాడైనను, గొడ్డలి ఆగవలయును. యంత్రపు ఱంపమును మాత్రము బాలుర దరికే రానీయకుడు.

గాయమైనచో ఏమి చేయవలయునో గాయము కాకముందే అందఱికి తెలియవలయును. శుభ్రమైన గుడ్డను గాయముపై గట్టిగా అదిమి పట్టి, మాటిమాటికి తీసి చూడక, ఆ యవయవమును ఎత్తి యుంచవలయును. కాఫీపొడి, సున్నము, పసుపు, ఆకుపసరు గాయములో నింపరాదు. అవి మలినమును చేర్చి వైద్యుని పనిని కష్టపెట్టును. వ్రేలు తెగిపడినచో దానిని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, నీరు చొరని సంచిలో నుంచి, ఆ సంచిని మంచుగడ్డలపై పెట్టి, గాయపడినవానితోపాటు ఆసుపత్రికి చేర్పవలయును. మంచు వ్రేలికి నేరుగా తగులరాదు. 108కు పిలుచుటకు ఫోను ఎక్కడ పలుకునో శిబిరము మొదటినాడే చూచుకొనుడు. ధనుర్వాతపు సూదిమందును మఱవకుడు.

ఈ విద్య యేల యని మరల అడుగువారికి మన సముద్రతీరమే సమాధానము చెప్పుచున్నది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమున వృక్షములను కూల్చి వీథులను మూసివేసెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళపు ఉద్దానమున కొబ్బరితోటలను నేలమట్టము చేసెను. అట్టి దినములలో త్రోవ తెఱవనిదే పాలు రావు, వైద్యుడు రాడు. అప్పుడు యువకులే ముందునకు రావలసినవారు. అప్పుడే ఉత్సాహము ప్రాణములమీదికి తెచ్చునది. కూలిన చెట్టు చచ్చిన పామువంటిది కాదు, చుట్టుకొనియున్న పామువంటిది. వంగి నొక్కుకొనియున్న కొమ్మ తెగినంతనే విల్లువలె చిమ్మును. వేళ్లతో పెల్లగిలిన మ్రాను బోదె కోయగానే మొదలు తిరిగి గోతిలోనికి లేచి కూర్చుండును. కొమ్మల నడుమ తెగిన కరెంటు తీగ దాగియుండును, విషపుపురుగును ఉండును. కావున విద్యుచ్ఛాఖవారు తీగెలలో ప్రవాహము లేదని చెప్పువఱకు చెట్టును తాకరాదు. బాలురు ముంజేతి మందము కొమ్మలను కోసి మోయవలయును. పెద్ద బోదెలను ఆ పని తెలిసినవారికి విడువవలయును. ఎక్కడ చేయి వేయవలయునో తెలియుట యెంత సేవయో, ఎక్కడ వేయరాదో తెలియుటయు అంత సేవయే.

మఱియొక మాట. చెట్టు మన గొడ్డలికి శత్రువు కాదు. శిబిరమున ఎండి రాలిన కట్టెనే వాడుడు. పచ్చని కొమ్మ పొగయే గాని మంట ఇయ్యదు. రక్షితారణ్యమున కట్టె తీయుటకు అటవీశాఖవారి అనుమతి కావలయును. ఊరిలోని చెట్టును కొట్టుటకును 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము అనుమతిని కోరుచున్నది. చట్టమునకు వెఱచి గాదు, నీడకు కృతజ్ఞతతో నీ నియమమును పాటింపుడు.

స్వరాజ్యమను మాటను మన పెద్దలు రాజ్యాంగమునకు మాత్రమే వాడలేదు. మనసును, చేతిని తాను ఏలుకొనుటకును వాడిరి. ఎత్తిన గొడ్డలిని దింపుటకు ముందు నలుదిక్కులు చూచు బాలుడు, ప్రక్కవాడు “ఆపు” అనగానే ఆపు బాలుడు, పని ముగిసినంతనే వాదరను కప్పు బాలుడు ఆ యేలుబడిని నేర్చినవాడు. రేపు వాని చేతికి ఇంతకంటె పదునైన అధికారములు వచ్చును. వానిని గూడ ఈ రీతినే పట్టుట వానికి అలవడవలయును. కావున పనిముట్లను పెట్టెలో బంధింపకుడు, విచ్చలవిడిగాను వదలకుడు. మీ గ్రామమునకు మరలి పోయిన పిదప మొదట చేయవలసిన పని యొకటి చెప్పి ముగింతును: శిబిరపు గొడ్డళ్ల నన్నిటిని ఎండలో పెట్టి, తల వదులైన ప్రతిదానిని వేఱుచేసి వడ్రంగి యింటికి పంపుడు.